చిన్న అవుట్‌బోర్డ్ మోటారుకి బ్యాటరీ చార్జింగ్ పెట్టించాలా, వద్దా?

పడవ వెనక తగిలించే, 2 నుంచి 10 హార్స్ పవర్ వరకు ఉండే అవుట్‌బోర్డ్ మోటారు చేతికి వచ్చాక ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కొత్తది కొంటుంటే "చార్జింగ్ కాయిల్ ఉన్న మోడలే తీసుకోవాలా?" అని, పాతది ఉంటే "దీనికి కిట్ తెచ్చి బిగించవచ్చా?" అని. జవాబు చెప్పేవాళ్లు ఎక్కువగా మోటారు దగ్గర మొదలుపెడతారు. ఈ మోడల్‌కి ఇన్ని ఆంపియర్లు, ఆ మోడల్‌కి అన్ని ఆంపియర్లు అంటూ లెక్కలు చెబుతారు. నా దృష్టిలో మొదలుపెట్టాల్సిన చోటు అది కాదు. పడవలో రోజుకి ఎంత కరెంటు ఖర్చవుతోంది? మోటారు రోజుకి ఎంతసేపు, ఎంత స్పీడులో తిరుగుతోంది? ఈ రెండూ తెలిస్తే జవాబు దానంతటదే తేలుతుంది. తెలియకుండా డబ్బు పెట్టి బిగించిన చార్జింగ్ చాలా పడవల్లో ఉండీ లేనట్టే ఉంటుంది.

మొదట: మోటారుకి సొంతంగా బ్యాటరీ కావాలా?

తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న మోటారు నడవడానికి బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్‌లో అయస్కాంతాలు ఉంటాయి. అవి ఇగ్నిషన్ కాయిల్ పక్క నుంచి తిరుగుతున్నప్పుడు పుట్టే కరెంటే స్పార్క్ ప్లగ్‌కి వెళ్తుంది. చేతికి కట్టుకునే ఎమర్జెన్సీ స్టాప్ తాడు కూడా ఈ ఇగ్నిషన్‌నే ఆపుతుంది కాబట్టి దానికీ బ్యాటరీతో పని లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే బ్యాటరీ తప్పదు అనుకుంటారు గానీ అన్నిటికీ అది నిజం కాదు. సుజుకీ డీఎఫ్20ఏ లాంటివి ఇంజెక్షన్ ఉన్నా బ్యాటరీ లేకుండా తాడుతోనే స్టార్ట్ అవుతాయి.

ఇక ఎలక్ట్రిక్ స్టార్ట్ సంగతి. దీనికి బ్యాటరీ కావాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే స్టార్టర్ తినే కరెంటు గురించి ఉండే భయం మాత్రం అసలు లెక్కకంటే చాలా పెద్దది. స్టార్టర్ 100 ఆంపియర్లు లాగుతుందనుకుందాం, 3 సెకన్లలో మోటారు అందుకుంటుందనుకుందాం. అంటే 300 ఆంపియర్-సెకన్లు. గంటకి 3,600 సెకన్లు కాబట్టి ఒక్క స్టార్ట్‌కి ఖర్చు 0.08 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్-అవర్). రోజుకి పదిసార్లు స్టార్ట్ చేసినా ఒక ఆంపియర్-అవర్ దాటదు. 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగం వరకే వాడినా, ఆ ఒక్క పనికైతే 20 రోజులకి పైగా సరిపోతుంది. ఆ మధ్యలో ఒకసారి ఒడ్డున చార్జర్ పెడితే చాలు. కాబట్టి చార్జింగ్ అవసరాన్ని నిర్ణయించేది స్టార్టర్ కాదు. గంటల తరబడి నెమ్మదిగా కరెంటు తాగే లైట్లు, ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపలని చూపించే పరికరం), రేడియో, పంపు, ఫోన్లు.

రెండవది: రోజు ఖర్చు రాసుకోండి

కాగితం మీద మూడు గడులు గీయండి. వస్తువు, అది లాగే ఆంపియర్లు, రోజుకి వాడే గంటలు. వస్తువు మీద వాట్లు రాసి ఉంటే 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఆంపియర్లని గంటలతో గుణిస్తే ఆంపియర్-అవర్లు.

మామూలుగా కనిపించే అంకెలు ఇవి. ఎల్ఈడీ నావిగేషన్ లైటు 2-3 వాట్లు, అంటే 0.2 ఆంపియర్ దరిదాపుల్లో. అదే పాత ఫిలమెంట్ బల్బు అయితే 10 వాట్లు ఒకటి, 25 వాట్లు ఒకటి. ఒక్క 25 వాట్ల బల్బే 2 ఆంపియర్లు తాగేస్తుంది. చిన్న ఫిష్ ఫైండర్ 0.5 నుంచి 1 ఆంపియర్, మ్యాప్ చూపించే చార్ట్ ప్లాటర్ 1 ఆంపియర్ లేదా ఇంకొంచెం. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో వింటున్నప్పుడు 0.4 ఆంపియర్ లోపే, కానీ 25 వాట్లతో మాట్లాడుతున్నంతసేపు 5-6 ఆంపియర్లు. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న బిల్జ్ పంపు 2 ఆంపియర్లు. ఒక ఫోన్‌ని పూర్తిగా చార్జ్ చేస్తే నష్టాలతో కలిపి సుమారు 1.5 ఆంపియర్-అవర్లు.

ఈ కాగితం రాసేటప్పుడు ఫిలమెంట్ బల్బు కనిపిస్తే అక్కడే ఆగండి. చార్జింగ్ గురించి ఆలోచించే ముందు ఆ బల్బు మార్చండి. లంగరు వేసి రాత్రంతా, అంటే 10 గంటలు, 10 వాట్ల బల్బు వెలిగితే 8 ఆంపియర్-అవర్లకి పైగా పోతాయి. 2 వాట్ల ఎల్ఈడీ అయితే 2 కూడా పోవు. కొంతమందికి చార్జింగ్ ప్రశ్న మొత్తం ఇక్కడే తీరిపోతుంది. మార్చేటప్పుడు నావిగేషన్ లైటుగా ధ్రువీకరించిన యూనిట్‌నే తీసుకోండి. ఎర్ర, ఆకుపచ్చ లైట్లు ఎంత కోణంలో, ఎంత దూరం కనిపించాలన్నదానికి నియమాలు ఉన్నాయి.

లైట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సముద్రంలో ఢీకొనడాలను నివారించే అంతర్జాతీయ నియమాల ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు లైట్లు ఉండాలి. 7 మీటర్ల లోపు పొడవు ఉండి, 7 నాట్లకి మించి వెళ్లలేని మోటారు పడవకి చుట్టూ కనిపించే ఒక తెల్ల లైటు సరిపోతుంది, వీలైతే పక్క లైట్లు కూడా పెట్టాలి. ఇంత చిన్న పడవలో తిరిగేవాళ్లకి ఒక మంచి ఎల్ఈడీ లైటు, దానికో చిన్న బ్యాటరీ ఉంటే మోటారు నుంచి కరెంటు తీసే పనే ఉండదు.

మూడవది: మోటారు నిజంగా ఎంత ఇస్తుంది?

చార్జింగ్ ఉన్న మోటారులో ఫ్లైవీల్ కింద ఇగ్నిషన్ కాయిల్‌తో పాటు లైటింగ్ కాయిల్ అనే మరో కాయిల్ ఉంటుంది. మొదట చెప్పిన చార్జింగ్ కాయిల్ ఇదే. 5-6 హార్స్ పవర్ మోటార్లలో ఇది చాలాసార్లు 60 వాట్లు, అంటే 5 ఆంపియర్లు. 8-10 హార్స్ పవర్ దగ్గర 6 నుంచి 12 ఆంపియర్ల వరకు ఉంటుంది. 2-3 హార్స్ పవర్ మోటార్లలో చాలావాటికి ఆ కాయిల్ పెట్టే ఏర్పాటే ఉండదు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. 5 ఆంపియర్లు అని బ్రోషర్‌లో రాసేది మోటారు పూర్తి స్పీడులో, 5,000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పైన తిరుగుతున్నప్పుడు వచ్చే అంకె. ఐడిల్‌లో (అతి తక్కువ స్పీడులో) ఆ 5 కాస్తా ఒకటికి పడిపోతుంది. కొన్ని మోటార్లలో ఐడిల్ వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీని దాటదు కాబట్టి అసలు చార్జే ఎక్కదు. సగం థ్రాటిల్‌లో 3 ఆంపియర్లు అనుకుని లెక్క వేసుకుంటే ఎక్కువ నిరాశ ఉండదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఆర్పీఎంకి ఎన్ని ఆంపియర్లో చూపించే గ్రాఫ్ ఉంటే, నా అంకె వదిలేసి దాన్ని నమ్మండి.

వచ్చిన కరెంటు మొత్తం బ్యాటరీలో నిలవదు కూడా. లెడ్-యాసిడ్ బ్యాటరీలో చార్జ్ చేసేటప్పుడు సుమారు ఐదో వంతు నష్టం కింద పోతుంది. పైగా బ్యాటరీ 80 శాతం దాటాక కరెంటు తీసుకోవడం తగ్గిస్తూ పోతుంది. పూర్తిగా నిండాలంటే గంటలు కావాలి, ఆ గంటలు చిన్న మోటారు దగ్గర దాదాపు ఎప్పుడూ దొరకవు.

చార్జింగ్ పెడితే మోటారు బలం తగ్గుతుందా అని కూడా అడుగుతారు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. 60 వాట్ల కాయిల్ నష్టాలతో కలిపినా హార్స్ పవర్‌లో ఐదో వంతు దాటదు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

నాలుగవది: రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి

రెండు పడవలు తీసుకుందాం. రెండిటికీ 6 హార్స్ పవర్ మోటారే, 5 ఆంపియర్ల కాయిలే.

మొదటిది తెరచాప పడవ. మోటారు రేవులోంచి బయటికి రావడానికి, తిరిగి లోపలికి వెళ్లడానికి మాత్రమే. రాత్రి లంగరు వేసి పడవలోనే పడుకుంటారు. లంగరు లైటు 10 గంటలు, 1.7 ఆంపియర్-అవర్లు. లోపలి ఎల్ఈడీ లైట్లు 2. రేడియో వినడం 3.2, మాట్లాడటం 0.5. చార్ట్ ప్లాటర్ 6 గంటలు, 6. రెండు ఫోన్లు 3. మొత్తం 16.4. మోటారు రోజుకి 40 నిమిషాలు తిరుగుతుంది, 3 ఆంపియర్ల చొప్పున 2 ఆంపియర్-అవర్లు, నష్టం పోను 1.6. ఖర్చులో పదో వంతు. ఈ పడవకి కాయిల్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. మోటారుని ఉత్తినే తిప్పి బ్యాటరీ నింపుదామంటే, సగం థ్రాటిల్‌లో ఆరు గంటలకి పైగా పెట్రోలు కాల్చాలి, ఆ శబ్దం భరించాలి.

రెండవది చేపల పడవ. రోజుకి 8 గంటలు నీటి మీద ఉంటే అందులో 4 గంటలు మోటారు 3,000 ఆర్పీఎం పైన తిరుగుతూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తుంది. ఫిష్ ఫైండర్ 0.8 ఆంపియర్ చొప్పున 8 గంటలు, 6.4. తెల్లవారుజామున లైట్లు 0.9. పంపు పావుగంట, 0.5. మొత్తం 7.8. మోటారు ఇచ్చేది 12, నష్టం పోను 9.6. ఇక్కడ చార్జింగ్ చక్కగా సరిపోతుంది. ఒడ్డున కరెంటు లేని చోట వరుసగా రోజులు గడిపినా బ్యాటరీ పడిపోదు.

ఇదే రెండో పడవ ఆ 4 గంటలూ గాలం లాగుతూ ఐడిల్‌కి కాస్త పైన నెమ్మదిగా తిరిగితే? అప్పుడు వచ్చేది మహా అయితే గంటకి ఒక ఆంపియర్. మొత్తం 4, నష్టం పోను 3 చిల్లర. అదే మోటారు, అన్నే గంటలు, కానీ లెక్క తిరగబడింది. అందుకే గంటలతో పాటు స్పీడు కూడా రాయమన్నాను.

ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు (పడవని నెమ్మదిగా నడిపే బ్యాటరీ మోటారు) ఉన్నవాళ్లకి ఒక మాట. 30 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం) ఉన్నది ఫుల్‌లో 30 ఆంపియర్లు లాగుతుంది. రెండు గంటలకి 60 ఆంపియర్-అవర్లు. దాన్ని 5 ఆంపియర్ల కాయిల్‌తో నింపాలనే ఆలోచన మానుకోండి. దానికి వేరే బ్యాటరీ, ఒడ్డున మంచి చార్జర్, అంతే.

మోటారు ఇచ్చేది ఖర్చులో సగమైనా లేకపోతే చార్జింగ్ కోసం పాత మోటారుని విప్పించవద్దని నా సలహా. సగానికి పైగా ఉంటే ఆలోచించవచ్చు. ఖర్చుని మించి ఉండి, ఒడ్డున కరెంటు దొరకని ప్రయాణాలైతే తప్పకుండా పెట్టించండి.

ఐదవది: కాయిల్ కాకుండా ఇంకేం దారులున్నాయి?

రోజూ ఇంటికి తిరిగొచ్చేవాళ్లకి అన్నిటికంటే సులువైనది బ్యాటరీని చేత్తో మోసుకెళ్లి ఇంట్లో చార్జ్ చేసుకోవడం. రోజు ఖర్చు 5-6 ఆంపియర్-అవర్లే అయితే తేలికైన చిన్న బ్యాటరీ చాలు. మోటారు జోలికి వెళ్లనే అక్కర్లేదు.

పడవ రేవులోనో, లంగరు మీదో రోజుల తరబడి ఉండేవాళ్లకి సోలార్ ప్యానెల్. పడవ కదలకపోయినా, మీరు అక్కడ లేకపోయినా అది పని చేస్తూనే ఉంటుంది. కాయిల్‌కి ఈ సుగుణం లేదు. 20 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది, రోజు మొత్తం మీద నష్టాలు పోను 5 ఆంపియర్-అవర్ల వరకు ఆశించవచ్చు. 50 వాట్లదైతే 12-13. పైన చెప్పిన తెరచాప పడవకి ఇది రోజు ఖర్చులో ముప్పాతిక వంతు తీర్చేస్తుంది. మబ్బు పట్టిన రోజు, ప్యానెల్ మీద తెరచాప నీడ పడిన రోజు ఈ అంకెలు బాగా పడిపోతాయని గుర్తుంచుకోండి. ప్యానెల్‌కి, బ్యాటరీకి మధ్యలో, చార్జింగ్‌ని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ పెట్టడం మరవద్దు.

కొత్త మోటారు కొంటున్నవాళ్ల సంగతి కొంచెం వేరు. ఫ్యాక్టరీలోనే కాయిల్, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ బిగించిన మోడల్‌కి ధరలో తేడా తక్కువగా ఉంటే, ఈ రోజు అవసరం లేకపోయినా అదే తీసుకోండి. తర్వాత విడిగా పెట్టించడం ఎప్పుడూ ఎక్కువ పని, ఎక్కువ ఖర్చు.

ఆరవది: పాత మోటారులో ఏముందో చూడండి

పెట్టించాలని లెక్క తేలిందనుకోండి. డబ్బు పెట్టే ముందు మూత తీసి చూడండి. లైటింగ్ కాయిల్ ఇప్పటికే ఉండి, వైర్లు వాడకుండా వదిలేసిన మోటార్లు చాలానే ఉన్నాయి. ఫ్లైవీల్ కింద నుంచి ఒకే రంగు వైర్లు రెండు, ఎక్కువగా పసుపు రంగువి, బయటికొచ్చి చివర తొడుగులతో ఖాళీగా వేలాడుతుంటే అవే అయ్యుండే అవకాశం ఎక్కువ. రంగు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మతో పోల్చి నిర్ధారించుకోండి.

ఈ నిర్ధారణ ఎందుకంటే, అదే ఫ్లైవీల్ కింద నుంచి ఇగ్నిషన్‌కి వెళ్లే వైర్లు కూడా వస్తాయి. సీడీఐ (కెపాసిటర్‌తో స్పార్క్ ఇచ్చే) ఇగ్నిషన్‌కి వెళ్లే ఆ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. మోటారు తిరుగుతుండగా వాటిని ముట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది, వాటికి రెగ్యులేటర్ తగిలిస్తే ఇగ్నిషన్ పాడవుతుంది.

లైటింగ్ వైర్లు దొరికాయనిపిస్తే మోటారు ఆపి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఆ రెండిటి మధ్య చూడండి. చాలా తక్కువ, సాధారణంగా ఒక ఓమ్ దరిదాపుల్లో ఉండాలి. మాన్యువల్ ఇచ్చిన అంకెకి దగ్గరగా ఉంటే కాయిల్ బాగున్నట్టే. తర్వాత మోటారుని నీటిలో ఉంచి స్టార్ట్ చేసి, మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూడండి. స్పీడు పెంచుతుంటే అంకె పెరగాలి. లోడ్ లేకుండా చూస్తున్నారు కాబట్టి అది 12ని దాటి చాలా పైకి పోతుంది, కంగారు పడవద్దు. నీళ్లు లేకుండా మాత్రం మోటారుని తిప్పవద్దు, లోపలి వాటర్ పంపు ఇంపెల్లర్ చూస్తుండగానే కాలిపోతుంది.

కాయిల్ లేకపోతే పని పెద్దది. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తో ఊడదీయాలి, తిరిగి బిగించేటప్పుడు నట్టుని మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించాలి, కింద ఉండే చిన్న కీ సరిగ్గా గాడిలో కూర్చోవాలి. సుత్తితో కొట్టి ఊడదీస్తే అయస్కాంతాలు పగులుతాయి. కొన్ని మోడళ్లలో ఫ్లైవీల్ కూడా వేరేది వేయాలి. ఈ పని అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వడం మంచిది. మీ మోడల్ నంబరుకి కంపెనీ కిట్ దొరక్కపోతే అక్కడితో వదిలేసి సోలార్ వైపు వెళ్లండి.

ఏడవది: రెగ్యులేటర్ విషయంలో రాజీ పడవద్దు

కాయిల్ నుంచి వచ్చేది ఏసీ. బ్యాటరీకి కావాల్సింది డీసీ. మధ్యలో రెక్టిఫైయర్ కావాలి. పాత కిట్లలో నాలుగు డయోడ్ల రెక్టిఫైయర్ ఒక్కటే ఉండేది, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ ఉండదు. నీళ్లు పోసే పాత రకం బ్యాటరీ పెద్దదైతే ఆ అదనపు వోల్టేజీని ఎలాగో మింగేది, తగ్గిన నీళ్లు మనం పోస్తుండేవాళ్లం. ఇప్పుడు వాడే సీల్డ్ (నీళ్లు పోయడానికి వీల్లేని) ఏజీఎం, జెల్ బ్యాటరీలు దాన్ని తట్టుకోలేవు. వాటిని 14.4 వోల్టుల దరిదాపుల్లో ఆపాలి. జెల్‌కైతే ఇంకొంచెం తక్కువ. కాబట్టి రెగ్యులేటర్-రెక్టిఫైయర్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నది కొనండి. కాయిల్ ఆంపియర్లకి తగిన సైజు ఉండాలి. అది బాగా వేడెక్కుతుంది కాబట్టి గాలి తగిలే చోట లోహం మీద బిగించండి.

కాయిల్ నుంచి వచ్చే రెండు ఏసీ వైర్లలో ప్లస్, మైనస్ ఉండవు, ఎటు తగిలించినా ఫర్వాలేదు. బ్యాటరీ వైపు మాత్రం ఎరుపు, నలుపు తారుమారైతే డయోడ్లు క్షణంలో పోతాయి. మోటారు తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీయకూడదు. ఆ అదనపు వోల్టేజీని పీల్చుకునే బ్యాటరీ లేకపోతే అది నేరుగా రెగ్యులేటర్ మీద, ఫిష్ ఫైండర్ మీద పడుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టేవాళ్లు ఇదే కారణంగా ఇంకా జాగ్రత్తపడాలి. అందులోని రక్షణ సర్క్యూట్, బ్యాటరీ నిండగానే తనంతట తాను కనెక్షన్ తెంచేయవచ్చు. అది నడుస్తుండగా వైరు ఊడదీసినట్టే. పైగా ఈ బ్యాటరీ చివరిదాకా ఫుల్ కరెంటు లాగుతూనే ఉంటుంది, చిన్న కాయిల్ అదేపనిగా వేడెక్కుతుంది. మోటారుకి ఒక చిన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ తగిలించి, దాని నుంచి తక్కువ ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ద్వారా లిథియంకి ఇవ్వడం క్షేమం.

ప్లస్ వైరు మీద ఫ్యూజ్ తప్పనిసరి. స్టార్టర్ కేబుల్‌కి మినహాయింపు ఇస్తూ, బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపే ఫ్యూజ్ ఉండాలని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం చెబుతుంది. వైరు తగరం పూత ఉన్న రాగిదైతే ఉప్పు నీటికి త్వరగా నల్లబడదు. బ్యాటరీని గాలి ఆడే పెట్టెలో పెట్టి పట్టీతో కట్టండి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది.

చివరగా: బిగించాక పరీక్ష

మోటారు ఆపి కొన్ని గంటలు వదిలేసిన బ్యాటరీని మీటర్‌తో చూడండి. నిండుగా ఉన్న లెడ్-యాసిడ్ 12.7 వోల్టుల దగ్గర, సగం ఉన్నది 12.2 దగ్గర ఉంటుంది. పరీక్షకి పూర్తిగా నిండని బ్యాటరీ అయితే మంచిది. మోటారు స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఒకసారి, 3,000 ఆర్పీఎం దగ్గర ఒకసారి చూడండి. ఐడిల్‌లో పెద్దగా మారకపోయినా తప్పులేదు. స్పీడు పెంచాక మెల్లగా 13 దాటి, బ్యాటరీ నిండేకొద్దీ 14 వైపు పోవాలి. అసలు కదలకపోతే ఫ్యూజ్, తర్వాత కనెక్షన్లు, ఆ తర్వాత రెగ్యులేటర్ చూడండి. 15 దాటిపోతుంటే వెంటనే మోటారు ఆపండి, రెగ్యులేటర్ పని చేయనట్టు.

ఆ తర్వాత మొదటి నెల ప్రతి ప్రయాణానికి ముందు, మోటారు స్టార్ట్ చేయకముందే, బ్యాటరీ వోల్టేజీ ఒక పుస్తకంలో రాయండి. ఆ అంకె ప్రతిసారీ కొంచెం కొంచెం దిగుతూ పోతుంటే మీ ఖర్చు మోటారు ఇచ్చేదాన్ని మించింది. అప్పుడు చేయాల్సింది పెద్ద కాయిల్ వెతకడం కాదు, పక్కన 20 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి చేర్చడం.